ద్రాక్షలో ఆకు పండటం, కన్ను నిద్రపోవడం: 28 తీగల మీద అబ్సిసిక్ యాసిడ్ ప్రాజెక్టు డైరీ

ఈ డైరీ మొత్తానికి ప్రశ్న ఒక్కటే. ద్రాక్ష తీగ మీద అబ్సిసిక్ యాసిడ్ అనే మొక్కల హార్మోన్ కొడితే ఆకు త్వరగా పండుతుంది, కన్ను, అంటే కణుపు దగ్గరి మొగ్గ, చిగురించకుండా గాఢంగా నిద్రపోతుంది. మరి ఆకు ముందే రాలిపోయింది కాబట్టి కన్ను నిద్రపోయిందా? లేక ఆ హార్మోన్ ఆకులో ఒక పని, కంటిలో ఇంకో పని విడివిడిగా చేస్తోందా? తేల్చుకోవాలంటే ఆకు రాలడాన్ని ఒకవైపు, మందు తగలడాన్ని ఒకవైపు వేరు చేసి చూడాలి. ఇదే ప్రయోగం మీరూ చేయాలనుకుంటే మొదటి విడత తప్పకుండా చదవండి. నా 4 తీగలు పోయింది అక్కడే.

హార్మోన్ పేరు పొడుగ్గా ఉంది కాబట్టి ఇక నుంచి ఏబీఏ అని రాస్తాను.

మొదటి విడత: 4 తీగలు, పనికొచ్చిన లెక్క సున్నా

మొదటి మిశ్రమం: 0.4 గ్రాముల పొడిని నేరుగా లీటరు నీళ్ళలో వేసి కలిపాను. ఏబీఏ నీళ్ళలో త్వరగా కరగదు. అరగంట తిప్పినా తెల్లని నలకలు తేలుతూనే ఉన్నాయి. స్ప్రేయర్ నాజిల్ రెండుసార్లు మూసుకుపోయింది. ఎంత మందు కరిగిందో, ఎంత అడుగున మిగిలిందో తెలియనప్పుడు కొట్టి లాభం లేదు. పారబోశాను.

రెండో మిశ్రమం: 0.4 గ్రాములను 100 మి.లీ. ఇథనాల్‌లో కరిగించి, నీళ్ళతో లీటరు చేశాను. అంటే ఇథనాల్ 10 శాతం. జిగురు మందు, అదే ట్వీన్-20, 5 మి.లీ. పోశాను. కొట్టింది పట్టపగలు, మంచి ఎండలో. మూడో రోజుకి ఆకు అంచులు గోధుమ రంగుకి తిరిగాయి. ఏబీఏ పనిచేస్తోందనుకుని నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను కూడా.

ఐదో రోజు ఒక ఆకును కోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాక అనుమానం వచ్చింది. వయసుతో పండే ఆకు ముందు పసుపెక్కుతుంది. ఈనెల మధ్య భాగం ముందు పాలిపోతుంది, ఈనెల పక్కన సన్నని ఆకుపచ్చ గీత చివరిదాకా మిగులుతుంది. నా చేతిలో ఉన్న ఆకులో పసుపన్నదే లేదు. ముదురు ఆకుపచ్చ పక్కనే ఎండిన గోధుమ రంగు, మధ్యలో కత్తితో గీసినట్టు ఒక హద్దు. అది పండటం కాదు, మాడటం. మందు లేకుండా ఉత్త ఇథనాల్, ట్వీన్, నీళ్ళు అదే పాళ్ళలో కలిపి ఇంకో కొమ్మ మీద ఎండలోనే కొట్టాను. మూడు రోజుల్లో అవే మచ్చలు వచ్చాయి. ఈ పోలిక మొదటి రోజే పెట్టుకుని ఉంటే వారం కలిసొచ్చేది.

సీసా లేబుల్ మళ్ళీ చదివితే ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి.

ఒకటి, పేరు ముందు ± గుర్తు ఉంది. మొక్కలో సహజంగా ఉండేది ఎస్ రూపం మాత్రమే. ± అంటే ఎస్ సగం, దాని అద్దం ప్రతిబింబం సగం. నేను లీటరుకు 400 మి.గ్రా. అనుకుని కొట్టినదాంట్లో అసలు సరుకు 200 మాత్రమే.

రెండు, కరిగించి మిగిల్చిన ద్రావణాన్ని తెల్ల గాజు సీసాలో కిటికీ పక్కన పెట్టాను. అతినీలలోహిత కాంతి తగిలితే ఏబీఏ అణువు ఆకారం మారి పనికిరాని రూపంలోకి వెళ్తుంది. పగటి ఎండలో కొట్టకూడదనడానికీ కారణం ఇదే.

ఇప్పటిదాకా మొత్తం: తీగలు 4, ఏబీఏ 0.8 గ్రా., నమ్మదగిన కొలతలు 0.

రెండో విడత: మార్చిన మిశ్రమం

ఈసారి ఎస్-ఏబీఏ పొడి తెచ్చాను. పద్ధతి ఇది:

1. 1.2 గ్రాముల పొడిని 30 మి.లీ. ఇథనాల్‌లో పూర్తిగా కరిగించాలి. మి.లీ.కి 40 మి.గ్రా. వస్తుంది.
2. గోధుమ రంగు సీసాలో పోసి, పైన అల్యూమినియం రేకు చుట్టి, వాడేదాకా డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి.
3. కొట్టే రోజు లీటరు నీళ్ళకు 10 మి.లీ. చొప్పున, నీళ్ళు తిప్పుతూ సన్నని ధారగా పోయాలి. ఏబీఏ 400 మి.గ్రా., ఇథనాల్ 1 శాతం అవుతుంది. అణువు బరువు 264.3 కాబట్టి సుమారు 1.5 మిల్లీమోలార్.
4. ట్వీన్-20 లీటరుకు 0.5 మి.లీ. అంతకు మించి వద్దు.
5. పొద్దు వాలాక కొట్టాలి. తీగకు 250 మి.లీ., ఆకు అడుగుభాగం కూడా తడవాలి.
6. పోలిక తీగలకు అదే ఇథనాల్, అదే ట్వీన్, అదే నీళ్ళు, అదే సాయంత్రం. తేడా ఏబీఏ ఒక్కటే.

ఇథనాల్ దగ్గర మంట ఉండకూడదు, పొడి తూచేటప్పుడు మాస్కు, గ్లవ్స్ ఉండాలి. ఇవి చెప్పక్కర్లేదనుకుంటాం గానీ చెప్పాలి.

మూడో విడత: తీగలు, గుంపులు

కాబర్నే ఫ్రాంక్ రకం, సొంత వేరు మీద పెరిగిన మూడేళ్ళ తీగలు, 20 లీటర్ల కుండీల్లో 24. గెలలన్నీ ముందే తీసేశాను. ఏబీఏ కాయ రంగును కూడా మారుస్తుంది, ఆ గొడవ ఇందులో కలవకూడదు. ఒక్కో తీగకు 3 కొమ్మలే ఉంచాను. కొసల ఎదుగుదల ఆగి, కొమ్మలు కింది నుంచి ఆకుపచ్చ వదిలి గోధుమ రంగుకి తిరిగాక మందు కొట్టాను. ఆ రోజు 0వ రోజు.

ఆరేసి తీగలతో నాలుగు గుంపులు:

- ఉత్త గుంపు: ఏబీఏ లేని ద్రావణం.
- మందు గుంపు: తీగ అంతటా ఏబీఏ.
- ముసుగు గుంపు: ఏబీఏనే, కానీ 3 నుంచి 10 వరకు కణుపుల దగ్గర కళ్ళకు అల్యూమినియం రేకు చుట్టాను. 6 తీగలు, 3 కొమ్మలు, 8 కళ్ళు, మొత్తం 144 ముసుగులు. ఆకులకు మందు తగులుతుంది, కంటికి తగలదు.
- కోత గుంపు: ఏబీఏ లేదు. మందు గుంపులో సగం ఆకులు రాలిన రోజు ఇందులో ఆకులన్నీ చేత్తో తీసేయాలి.

రేకు చుట్టడానికి నాలుగు గంటలు పట్టింది. అతుకు కిందివైపు ఉండాలి. పైన ఉంటే ఆకు కాడ వెంట జారిన చుక్క నేరుగా లోపలికి పోతుంది. మూడో రోజు ముసుగులు విప్పితే 6 కళ్ళ దగ్గర లోపల తడి మరక కనబడింది. ఆ 6 కళ్ళకూ ఎర్ర దారం కట్టి లెక్కలోంచి తీసేశాను. అప్పటి నుంచి నీళ్ళు కుండీ మట్టికే పోశాను, ఆకుల మీద పడనివ్వలేదు.

ఇప్పటిదాకా మొత్తం: తీగలు 28, ఏబీఏ 2.0 గ్రా., లెక్కలో ఉన్న కళ్ళు 570.

నాలుగో విడత: ఆకు

మొట్టమొదట కనబడిన తేడా రంగులో కాదు, వేడిలో. మర్నాడు మధ్యాహ్నం ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో గుంపుకు 10 ఆకులు కొలిచాను. మందు గుంపు ఆకులు ఉత్త గుంపు కంటే సగటున 1.9° సెం. వేడిగా ఉన్నాయి. ఏబీఏ పత్రరంధ్రాలను మూసేస్తుంది, నీటి ఆవిరి తగ్గుతుంది, ఆకు చల్లబడటం తగ్గుతుంది. ఆరో రోజుకి తేడా 0.5° కి దిగింది. మందు ఆకులోకి నిజంగా వెళ్ళిందనడానికి ఇంతకన్నా తేలిక పరీక్ష నాకు తెలియదు. మొదటి విడతలో ఇది చేసి ఉంటే మందు సగం చచ్చిందని మర్నాడే అనుమానం వచ్చేది.

పత్రహరితానికి స్పాడ్ మీటర్ వాడాను. 650 నానోమీటర్ల ఎర్ర కాంతి, 940 నానోమీటర్ల పరారుణ కాంతి ఆకు గుండా ఎంత దాటిపోతున్నాయో పోల్చి ఒక అంకె ఇస్తుంది. మొదటి రోజు చేతికందిన ఆకునల్లా కొలిచేశాను. ఒకే తీగలో 28 నుంచి 41 దాకా వచ్చాయి. కింది ముసలి ఆకుకీ పై లేత ఆకుకీ మధ్య తేడా, నేను వెతుకుతున్న తేడా కంటే పెద్దది. ఆ అంకెలు కొట్టేసి, ప్రతి తీగలో ఒకే కొమ్మ మీద 5, 8, 11 కణుపుల ఆకులకు దారం కట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఆకుకు 3 చోట్ల, పెద్ద ఈనె మీద పడకుండా. విడతకు 216 కొలతలు.

సగటులు, వరుసగా ఉత్త, మందు, ముసుగు, కోత:

- 0వ రోజు: 36.1, 36.4, 35.8, 36.6
- 7వ రోజు: 35.5, 32.9, 32.6, 35.9
- 14వ రోజు: 34.2, 26.8, 27.3, 34.5
- 21వ రోజు: 32.4, 17.5, 18.1, 32.8

21వ రోజు అంకె దగ్గర ఒక మోసం ఉంది, దాన్ని దాటి వెళ్ళకండి. అప్పటికి మందు గుంపులో దారం కట్టిన 18 ఆకుల్లో 5, ముసుగు గుంపులో 4 రాలిపోయాయి. నేను కొలిచింది మిగిలినవాటినే. అన్నిటికంటే ముందు పండినవి రాలిపోతే, మిగిలినవాటి సగటు ఉన్నదానికంటే పచ్చగా కనబడుతుంది. అందుకే ఆ రోజుతో స్పాడ్ ఆపేసి, కొమ్మకు 12 ఆకుల చొప్పున గుంపుకు 72 ఆకుల రాలుడు లెక్కకి మారాను.

సగం ఆకులు రాలిన రోజు: మందు గుంపు 24 (72లో 37), ముసుగు గుంపు 25, ఉత్త గుంపు 43. అంటే ఏబీఏ ఆకు రాలడాన్ని 19 రోజులు ముందుకు జరిపింది. కంటికి ముసుగు వేసినా వేయకపోయినా ఆకు విషయంలో తేడా లేదు. అలాగే ఉండాలి కూడా, ఆకులకు రెండు గుంపుల్లోనూ మందు సమానంగానే తగిలింది.

24వ రోజు కోత గుంపు ఆకులు తీశాను. కాడతో సహా లాగకూడదు, కంటి పక్కన బెరడు చీలుతుంది. ఆకు పత్రాన్ని మాత్రం కత్తిరించి కాడ వదిలేశాను. పత్రం నుంచి ఆక్సిన్ అనే ఇంకో హార్మోన్ రావడం ఆగగానే కాడ మొదట్లోని రాలుడు పొర వదులైంది. వారంలో కాడలు వాటంతటవే రాలాయి, మచ్చ శుభ్రంగా ఉంది.

ఇక్కడ ఒక్క మాట. ఈ హార్మోన్‌ను 1960లలో రెండు బృందాలు రెండు దారుల్లో పట్టుకున్నాయి. పత్తి కాయలు ఎందుకు రాలుతున్నాయని వెతికినవాళ్ళు దానికి అబ్సిసిన్-2 అని పేరు పెట్టారు. చెట్ల మొగ్గలు ఎందుకు నిద్రపోతాయని వెతికినవాళ్ళు డార్మిన్ అన్నారు. 1965లో రెండూ ఒకే పదార్థమని తేలింది. ఆ తర్వాత రాలుడు పొరను తెంచే పనిలో పెద్ద పాత్ర ఎథిలీన్ అనే వేరే హార్మోన్‌దని తెలిసింది, అబ్సిసిక్ అన్న పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. నా ప్రశ్నలోని రెండు సగాలూ ఈ పదార్థం పుట్టుకలోనే ఉన్నాయి కాబట్టి ఇది నాకు చాలా ఇష్టమైన కథ.

ఇప్పటిదాకా మొత్తం: స్పాడ్ కొలతలు 837, లెక్కపెట్టిన ఆకులు 216.

ఐదో విడత: ఒంటి కణుపు ముక్కలు

కన్ను ఎంత గాఢంగా నిద్రపోతోందో తీగ మీద చూసి చెప్పలేం. ఎండాకాలంలో కూడా కన్ను ముడుచుకునే ఉంటుంది, కానీ దాన్ని ఆపుతున్నది కొమ్మ కొస. కొస నుంచి వేరు చేస్తే వారాల్లోనే చిగురిస్తుంది. ఆకురాలు కాలం వచ్చేసరికి నిద్ర కంటి లోపలికి దిగుతుంది. అప్పుడు వేరు చేసి, వెచ్చదనం, వెలుతురు, నీళ్ళు ఇచ్చినా లేవదు. తగినంత చలి తిన్నాక ఆ లోపలి నిద్ర తీరుతుంది, ఇక కన్నును ఆపేది బయటి చలి ఒక్కటే. అందుకే కొమ్మను ఒక్కో కన్నున్న ముక్కలుగా కోసి, 25° సెం., రోజుకు 16 గంటల వెలుతురులో పెట్టి, సగం కళ్ళు పగలడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కపెట్టాలి. రోజులు పెరిగితే నిద్ర గాఢంగా ఉన్నట్టు.

ముందు మొదటి విడత తీగల నుంచి 20 ముక్కలతో ట్రయల్ వేశాను. పై కోత ఎండిపోకుండా కరిగించిన మైనంలో ముంచాను. రెండు వారాల తర్వాత 9 కళ్ళు కదల్లేదు. బ్లేడుతో అడ్డంగా కోస్తే మధ్యలో ఉండే ప్రధాన మొగ్గ గోధుమ రంగులో ఉంది, పక్కనున్న ఉపమొగ్గలు కూడా అంతే. బతికిన కంటిలో ఇవి తేట ఆకుపచ్చగా ఉంటాయి. మైనం మరీ వేడిగా ఉంది, కోత కంటికి మరీ దగ్గరగా ఉంది. అవి నిద్రపోలేదు, ఉడికిపోయాయి. అసలు లెక్కలో ఇది జరిగి ఉంటే గాఢ నిద్ర అని రాసుకునేవాణ్ణి. అందుకే పగలని ప్రతి కన్నునూ చివర్లో కోసి చూడాలి, చచ్చినదాన్ని నిద్రలో కలపకూడదు.

మార్చిన పద్ధతి:

1. కంటికి పైన 2 సెం.మీ., కింద 6 సెం.మీ. ఉంచి కోయాలి. ఒక్కో తీగను కోసే ముందు కత్తెరను ఇథనాల్‌తో తుడవాలి.
2. మైనం కరిగి, వేలికి ఓర్చుకునే వేడికి దిగాక, పై కోత అర సెంటీమీటరు మాత్రమే ముంచాలి.
3. ముక్కలను థర్మోకోల్ పలకకు గుచ్చి నీళ్ళలో తేలనివ్వాలి.
4. నీళ్ళు మూడు రోజులకోసారి మార్చాలి. వారానికోసారి కింది కొసను కొద్దిగా కోయాలి. లేకపోతే జిగట పట్టి నీళ్ళు పైకి ఎక్కవు.
5. ప్రతి ముక్కకు గుంపు పేరు కాకుండా అంకె రాయాలి. ఏ అంకె ఏ గుంపుదో చూసేవాళ్ళకు తెలియకూడదు.

ఐదోది ఒక మిత్రుడి పట్టుదల వల్ల వచ్చింది. మొదటి కోత ముక్కలను ఇద్దరం విడివిడిగా చూసి రాసుకున్నాం, 14 చోట్ల తేడా వచ్చింది. "117 పగిలిందని రాశావు, నాకు ఉన్ని తప్ప ఏమీ కనబడట్లేదు" అన్నాడు. ఆయన చెప్పిందే నిజం. ద్రాక్ష కన్ను ఉబ్బి పొలుసులు విడినప్పుడు ముందు గోధుమ రంగు ఉన్ని బయటికి వస్తుంది. దాని వెనక ఆకుపచ్చ కొస కనబడటానికి ఇంకో మూడు నాలుగు రోజులు పడుతుంది. భూతద్దంలో ఆకుపచ్చ కనబడితేనే పగిలినట్టు అని ఇద్దరం ఒప్పుకున్నాక తేడాలు ఒకటి రెండుకి తగ్గాయి.

ఇప్పటిదాకా మొత్తం: ట్రయల్ ముక్కలు 20, అసలు ముక్కలు 570, మూడు కోతల్లో.

ఆరో విడత: కంటి లెక్క

ముక్కలు కోసిన ప్రతిసారీ తీగకు ఒక కొమ్మ తీశాను. కింద "30వ రోజు కోత" అంటే ఆ రోజు ముక్కలు కోయడం, కోత గుంపు కాదు. సగం కళ్ళు పగలడానికి పట్టిన రోజులు, వరుసగా ఉత్త, మందు, ముసుగు, కోత:

- 30వ రోజు కోత: 23, 41, 32, 24. అప్పటికి 7° కంటే తక్కువ చలి 22 గంటలు.
- 60వ రోజు కోత: 27, 38, 31, 29. చలి 180 గంటలు.
- 95వ రోజు కోత: 14, 16, 15, 14. చలి 520 గంటలు.

30వ రోజు వరుస చూడండి. కోత గుంపుకూ ఉత్త గుంపుకూ తేడా ఒక్క రోజు. అయితే ఆకులు తీసి అప్పటికి ఆరు రోజులే అయింది కాబట్టి ఆ ఒక్క వరుసనే నమ్ముకోలేదు. 60వ రోజు కోతలో కూడా తేడా 2 రోజులే. మందు గుంపులో మాత్రం 18, తర్వాత 11. ఆకు ముందే పోవడం వల్లే కన్ను నిద్రపోయి ఉంటే కోత గుంపు కూడా మందు గుంపు దారిలోనే నడవాలి. నడవలేదు. నా మొదటి ప్రశ్నకు ఈ తీగలు ఇచ్చిన జవాబు అదే. ఆకు పండటమూ కన్ను నిద్రా ఒకే హార్మోన్ చేసే రెండు పనులు, ఒకటి రెండోదానికి కారణం కాదు.

ముసుగు గుంపు ఇంకో సంగతి చెబుతోంది. కంటికి మందు తగలకపోయినా 9 రోజులు ఆలస్యమైంది. ఆకులోకి వెళ్ళిన ఏబీఏ పోషక నాళాల వెంట కొమ్మకూ కళ్ళకూ చేరుతుందనుకుంటే ఇది సరిపోతుంది. మిగతా 9 రోజులు కంటికి నేరుగా తగిలిన మందు వాటా కావచ్చు. "కావచ్చు" అని ఎందుకన్నానంటే, ఏబీఏ లేకుండా ఉత్త రేకు మాత్రమే చుట్టిన గుంపు నేను పెట్టలేదు. మూడు రోజులు రేకు కింద ఉండటమే కన్నును మార్చిందేమో చెప్పడానికి నా దగ్గర పోలిక లేదు. మొదటి విడతలో ఇథనాల్ దగ్గర చేసిన తప్పే, వేషం మార్చుకుని మళ్ళీ వచ్చింది.

95వ రోజుకి అందరూ దాదాపు ఒకచోటికి చేరారు. చలి తింటున్న కొద్దీ కన్ను ఏబీఏను విరిచేసి ఫాసిక్ యాసిడ్‌గా మారుస్తుంది, నిద్ర తేలిపోతుంది. బయట నుంచి ఇచ్చిన ఏబీఏ నిద్రను గాఢం చేసింది గానీ వసంతం దాకా లాగలేకపోయింది. కుండీల్లో మిగిలిన అడుగు కళ్ళలో సగం పగిలింది ఉత్త గుంపులో 131వ రోజు, మందు గుంపులో 133వ రోజు. వసంతపు మంచు దెబ్బ తప్పించడానికి ఆకురాలు కాలంలో ఏబీఏ కొట్టాలనుకునేవాళ్ళు ఈ 2 రోజులను గుర్తుంచుకోవాలి. శీతకాలపు గడ్డకట్టే చలిని తట్టుకోవడం వేరే విషయం. అందులో ఏబీఏ మేలు చేసిందని తోటల్లో వైనిఫెరా (కాబర్నే ఫ్రాంక్ లాంటివి ఉండే ద్రాక్ష జాతి) రకాల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. నా దగ్గర డిగ్రీ డిగ్రీగా దింపే ఫ్రీజర్ లేదు, అది నేను కొలవలేదు.

ఒక టెన్షన్ మాత్రం ఉండేది. ఆకులు 19 రోజులు ముందే పోతే తీగ తిండి దాచుకోగలిగిందా? 60వ రోజు ప్రతి తీగ కొమ్మ నుంచి పలచని చక్రం కోసి అయోడిన్ ద్రావణంలో వేశాను. చక్రం మధ్య నుంచి అంచుకు పోయే సన్నని కిరణాల్లో పిండి పదార్థం ఉంటుంది. అయోడిన్ తగలగానే ఆ గీతలు ఒక్కొక్కటే సిరా పోసినట్టు నల్లబడటం కళ్ళ ముందే కనబడుతుంది. ఉత్త, మందు, ముసుగు గుంపుల చక్రాలను కలిపేస్తే ఏది ఏదో చెప్పలేకపోయాం. కోత గుంపు 6 చక్రాల్లో 4 పలచగా ఉన్నాయి. పచ్చి ఆకును తెంచేస్తే దాంట్లో ఉన్నదంతా దాంతోపాటే పోతుంది, పండిన ఆకు వెనక్కి ఇచ్చి రాలుతుంది. అందుకే ఇలా ఉందనుకుంటున్నాను. కానీ ఇది కంటి అంచనా, కొలత కాదు.

ఇప్పటిదాకా మొత్తం: తీగలు 28, ఏబీఏ 2.0 గ్రా., స్పాడ్ కొలతలు 837, ముక్కలు 590, అయోడిన్ చక్రాలు 24.

వచ్చే విడతకు మారుస్తున్నవి

1. ఐదో గుంపు: ఉత్త ద్రావణం, కళ్ళకు రేకు.
2. కోత గుంపు ఆకులు ఒకేరోజు తీయకుండా, మందు గుంపులో ఏ రోజు ఎన్ని రాలితే ఆ రోజు అన్నే తీయడం. ఒక్కసారిగా తెంచడం తీగకు వేరే దెబ్బ.
3. ముక్కల కోతలు 30, 45, 60, 75, 95 రోజుల్లో. 60కీ 95కీ మధ్య నిద్ర ఎక్కడ తేలిందో ఈసారి నాకు కనబడలేదు. అందుకు తీగకు 5 కొమ్మలు ఉంచాలి.
4. 200 మి.గ్రా. మోతాదుతో ఇంకో గుంపు. సగం మందుతో ఆకు ఒక్కటే కదిలి కన్ను కదలకపోతే, ఆ రెండు పనులూ వేరన్న మాటకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది.

కుండీలు ఇప్పుడు 36 అయ్యాయి. రేకు ముక్కలు 480 కావాలి, 300 కోశాను.